జేజినాయన టేకు పెట్టె: పాయింట్ 22 తుపాకీని కాపాడిన సామాన్లు

మన ఇంటి పాత వస్తువుల వరుసలో ఈసారి రాసేది తుపాకి గురించి కాదు. తుపాకీని కాపాడేదానికి వాడే సామాన్ల గురించి. తుపాకి ఇప్పుడు మన ఇంట్లో లేదు. అడవిపందుల నుంచి సెనక్కాయ చేను కాచుకునేదానికి జేజినాయన పేరున ఒక నాటు కోవికి లైసెన్సు ఉండె. ఆయన పోయినాక దాన్ని ఠాణాలో అప్పజెప్పేసినారు. అటక మీద ఒక టేకు పెట్టె మాత్రం మిగిలింది.

పెట్టెలో ఉన్నవి ఇవి: ఇత్తడి నూనె బుడ్డి, ఒక కొసకి ఇత్తడి గుండు కట్టిన తాడు, ఫ్లానెల్ గుడ్డ ముక్కలు, ఒక సన్న ఇనుప కడ్డీ, గుండీలున్న ఖాకీ క్యాన్వాసు తొడుగు, చిన్న ఇత్తడి మూత, చెక్కతో చేసిన నాలుగు ఉత్తుత్తి తూటాలు, ఒక నోటుబుక్కు.

చిన్నాయన ఇవన్నీ కోవి సామాన్లే అనుకున్నాడు. కానీ లెక్క కుదరదు. నాటు కోవికి మందు, గుండు మూతి నుంచే దట్టిస్తారు. గొట్టం వెనక వైపు మూసి ఉంటుంది. తాడు వెనక నుంచి వేసి ముందు నుంచి లాగే దారే ఉండదు. దానికి తూటా అనేదే లేదు, ఇంగ ఉత్తుత్తి తూటాలు యాలకి? అంటే ఈ సామాన్లు ఇంకో రకం తుపాకివి. జవాబు నోటుబుక్కులో దొరికింది. అది కన్నడ అక్షరాల్లో రాసిన తెలుగు. జేజినాయన చదివింది కన్నడ బడిలో, నేను చదివిందీ కన్నడ మీడియమే కాబట్టి సులభంగానే చదివినాను. ఆయన హైస్కూలు మేష్ట్రుగా ఎన్‌సీసీ చూసుకున్న రోజుల్లో, పిల్లలకి చూపించి నేర్పేదానికి ఈ సామాన్లు సొంత దుడ్డుతో బెంగళూరులో కొన్నాడు. అవి పాయింట్ 22 రైఫిలువి.

తుపాకిలో ఇంకో తుపాకి

పాయింట్ 22 అంటే పిల్లల తుపాకి అనుకుంటారు గానీ, ఎన్‌సీసీ చేతికి వచ్చిన పాత వాటిలో చాలా భాగం పుట్టింది పెద్ద యుద్ధ తుపాకి నుంచే. పెద్ద తుపాకి తూటా ఖరీదు, దాని దెబ్బ భుజానికి గట్టిగా తగులుతుంది, దానికి పెద్ద మైదానం కావాల. కొత్తగా చేరినోళ్ళకి రోజూ దాంతో నేర్పించడం కుదిరే పని కాదు. అందుకే 1880లలో బ్రిటిషు సైన్యం మోరిస్ ట్యూబు అనేదాన్ని వాడింది. పెద్ద గొట్టం లోపల సన్న గొట్టం దూర్చి, చిన్న తూటా కాల్చేది. తుపాకి అదే, బరువు అదే, గురి పట్టే తీరు అదే. తూటా మాత్రం చవక.

1899–1902 బోయర్ యుద్ధంలో తమ సైనికుల గురి ఏమంత బాగలేదని బ్రిటిషోళ్ళకి తెలిసొచ్చింది. ఆ తర్వాత ఇంగ్లండులో ఊరూరా పాయింట్ 22 క్లబ్బులు లేచినాయి. అమెరికాలో స్టీవెన్స్ కంపెనీ 1887లో తెచ్చిన పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా అప్పటికే ఉంది. 1907 నుంచి సైన్యం తన పాత రైఫిళ్ళనే పాయింట్ 22కి మార్చడం మొదలుపెట్టింది. కొన్నిటికి కొత్త గొట్టం వేసినారు. కొన్నిటిలో అరిగిపోయిన పాత గొట్టాన్ని తొలిచి, లోపల సన్న గొట్టం అతికించినారు. 1921లో ఒప్పుకున్న నమూనా తర్వాత నంబర్ 2 మార్క్ 4 అనే పేరుతో నిలబడింది. దీంట్లో ఒక తమాషా ఉంది. త్రీ నాట్ త్రీ మ్యాగజైన్ డబ్బా అట్లే ఉంటుంది, లోపలి స్ప్రింగు మాత్రం తీసేసినారు. తూటాలు చేత్తో ఒక్కొక్కటే పెట్టాల. కాలినాక ఖాళీ గొట్టాలు పడేదానికి ఆ డబ్బా బుట్ట మాదిరి పనికొస్తుంది.

మా పనిలో అసలు సర్వరు ముట్టకుండా, అట్లాంటిదే ఇంకొకటి పెట్టుకొని టెస్టింగు చేస్తాం. ఇదీ అంతే. అయితే టెస్టు సర్వరే కదా అని దాన్ని గాలికి వదిలేస్తే ఏమవుతుందో మా ఆఫీసులో అందరికీ తెలుసు. పాయింట్ 22 కథ కూడా అదే.

మన పక్కకి ఎట్ల వచ్చింది

స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, ఎన్‌సీసీ చట్టం వచ్చింది. 1962 చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ పిల్లలకి ఎన్‌సీసీ తప్పనిసరి చేసినారు, 1968లో మళ్ళీ ఐచ్ఛికం అయింది. మూడు పక్కలా ఆంధ్ర చుట్టుకున్న పావగడ లాంటి తాలూకాలో పిల్లలు తుపాకి అనేదాన్ని మొదట చేత పట్టుకున్నది ఇట్లనే. అంతకు ముందు వాళ్ళకి తెలిసిన ఆయుధాలు రెండే: కొండ మీద కోటలో పాళెగాళ్ళ కాలం కథల్లో వినేవి, చేనికాడ పందుల్ని బెదిరించే నాటు కోవి.

పాయింట్ 22 గురి నేర్పేది 25 గజాల దూరంలో. ఒక మట్టి కట్ట, నాలుగు చాపలు, ఎర్ర జెండా ఉంటే పని జరుగుతుంది. తూటా మాత్రం ఎత్తి కాలిస్తే మైలు దూరం పోగలదు. ఈ మాట కింద జేజినాయన రెండు గీతలు గీసిపెట్టినాడు.

ఒక్కొక్క సామాను

చెక్క తూటాలు: ఇవి ఆట వస్తువులు కావు. త్రీ నాట్ త్రీలో సూది తూటా అడుగు మధ్యలో కొడుతుంది. పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాకి మందు అడుగు అంచులో ఉంటుంది, కాబట్టి సూది అంచు మీద కొట్టాల. తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కితే ఆ సూది పోయి గొట్టం అంచుకే తగలొచ్చు. వందసార్లు అట్ల నొక్కితే అంచులో గుంట పడుతుంది, అప్పుడు అసలు తూటా సరిగ్గా కూర్చోదు, పేలదు, కాలిన గొట్టం బయటికి రాదు. ఎన్‌సీసీలో అసలు కాల్పుల కంటే ఉత్త అభ్యాసమే పదింతలు. అందుకే సూది దెబ్బ తినేదానికి అడ్డంగా ఒక ఉత్తుత్తి తూటా. పెట్టెలోవి నాలుగూ ఒక పక్కనే నొక్కుకుపోయి ఉన్నాయి. అంచు దెబ్బకి అదే గుర్తు.

తాడు, కడ్డీ: తాడుని పుల్‌త్రూ అంటారు, మన పిల్లల నోట్లో అది ఫుల్‌త్రూ అయింది. గుడ్డ ముక్కకి పేరు చిందీ. త్రీ నాట్ త్రీ గొట్టానికి నాలుగు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు గుడ్డ సరిపోతుంది. అదే గుడ్డని పాయింట్ 22 గొట్టంలో లాగితే మధ్యలో ఇరుక్కుంటుంది. బలంగా లాగితే తాడు తెగుతుంది, ఆ గుడ్డని బయటికి తీయడం పెద్ద తలనొప్పి. అందుకే సన్న గొట్టానికి కడ్డీ, చిన్న ముక్క గుడ్డ. కడ్డీని వెనక నుంచి, గొట్టానికి రాసుకోకుండా నిదానంగా తోయాల. మూతి నుంచి తోస్తే మూతి అంచు అరుగుతుంది. తూటా చివరగా తాకి వదిలేది ఆ అంచునే కాబట్టి, అది ఒక పక్క అరిగితే గురి ఒక పక్కకే పోతుంది.

నూనె బుడ్డి: లీ ఎన్‌ఫీల్డ్ దిమ్మ వెనక ఇత్తడి తలుపు ఉంటుంది, దాని లోపల పుల్‌త్రూ, నూనె బుడ్డి దాచుకుంటారు. బుడ్డి మూతకే సన్న చెంచా అతికి ఉంటుంది, రెండు చుక్కల కంటే ఎక్కువ రాకుండా. పాత కాలంలో రంగూన్ ఆయిల్ అని వాడేవాళ్ళు. పాత తూటాల మందు కాలినాక ఉప్పు మాదిరి మడ్డి మిగిల్చేది, ఆ రాత్రే తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు. 1920ల చివరి నుంచి తుప్పు పట్టించని మందు వచ్చి ఆ బాధ తగ్గింది. సీసం, మైనం మాత్రం మిగిలినాయి. పాయింట్ 22 గుండు ఉత్త సీసం, పైన మైనం పూత. రెండూ గొట్టంలో అంటుకుంటాయి.

క్యాన్వాసు తొడుగు: బోల్టు ఉండే భాగానికి చుట్టి గుండీలు పెట్టేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు బురద నుంచి తుపాకీని కాపాడేదానికి ఇట్లాంటివే వాడినారు. మన దగ్గర బురద యాడుంది! ఇది తుమకూరు జిల్లాలోనే బాగా ఎండిన తాలూకా. ఇక్కడ శత్రువు దుమ్ము. నూనె ఎక్కువ పూస్తే దుమ్ము దానికి అంటుకొని సాన రాయి మాదిరి ఇనుముని అరగదీస్తుంది. అందుకే జేజినాయన పద్ధతి: నూనె పూసి, తుడిచేసి, తుడిచింది కూడా కనపడకుండా తుడిచి, పైన తొడుగు. వానాకాలంలో మాత్రం తొడుగు తీసి పెట్టాలని రాసినాడు. క్యాన్వాసు చెమ్మ పీల్చుకుంటుంది, తోలు ఇంకా చెడ్డది. కాపాడాల్సిందే తుప్పుకి ఇల్లు అవుతుంది.

మూతి మూత: దుమ్ము, పురుగులు గొట్టంలో దూరకుండా. ఒక పక్క దీనంత పనికొచ్చేది లేదు, ఇంకో పక్క దీనంత ప్రమాదం లేదు. మూత తీయకుండా కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదంటే చీలుతుంది. అందుకే దానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి ఉంది, దూరం నుంచే కనపడేట్టు.

ఇదే ఆలోచన తర్వాత కూడా నడిచింది. అమెరికా సైన్యం ఎం16 రైఫిలుకి ఎం261 అనే కిట్టు పెట్టింది: బోల్టు మార్చి, మ్యాగజైన్‌లో ఒక తొడుగు పెడితే అదే గొట్టం నుంచి పాయింట్ 22 కాలుతుంది. అక్కడా కష్టాలు ఇవే. చిన్న తూటా వదిలిన సీసం, మడ్డి తుడవకుండా మళ్ళీ పెద్ద తూటా వేస్తే ఇబ్బంది. తీసిపెట్టిన అసలు బోల్టుకి వేరే సంచి కావాల, లేకుంటే దుమ్ములో పోతుంది. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పాల్గొన్న 50 మీటర్ల రైఫిలు పోటీ కూడా పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాతోనే.

ఇంట్లో ఏది ఉండొచ్చు, ఏది ఉండకూడదు

ఈ వ్యాసం రాసేదానికి అసలు కారణం ఇదే. పెట్టెలోని ఆ సన్న ఇనుప కడ్డీని చూసి మా అక్క కొడుకు ఒక ప్రశ్న వేసినాడు: ఇది తుడిచే కడ్డీనా, లేక పెద్ద గొట్టంలో దూర్చే సన్న గొట్టమా? చూసేదానికి రెండూ ఒకటే మాదిరి ఉంటాయి. చట్టానికి మాత్రం భూమికి ఆకాశానికి ఉన్నంత తేడా.

1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం తుపాకి అంటే పూర్తి తుపాకి ఒక్కటే కాదు, దాని భాగాలు కూడా. శబ్దాన్ని, మంటని తగ్గించే సామాన్లనీ తుపాకి కింద లెక్క కట్టినారు. అంటే నూనె బుడ్డి, తాడు, తొడుగు, మూత ఎవరింట్లోనైనా ఉండొచ్చు. గొట్టం, బోల్టు, మార్పిడి కిట్టు అట్ల కాదు. బాగు చేసినా పనికిరాని పాత కాలం ఆయుధానికి చట్టంలో మినహాయింపు ఉంది. కానీ అది పనికిరానిదో కాదో మనంతట మనం తేల్చుకునేది కాదు. అసలు తూటా ఒక్కటి దొరికినా లైసెన్సు లేకుండా పెట్టుకోకూడదు. లైసెన్సుదారు పోతే ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా ఠాణాలో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పజెప్పాల. కొడగు వాళ్ళకి తరతరాల మినహాయింపు ఉంది, అది చూసి మనకూ ఉంటుందని అనుకోకూడదు.

మన తాలూకాలో ఇది చిన్న మాట కాదు. 2005 ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్ళి బడిలో మకాం ఉన్న పోలీసుల మీద నక్సలైట్లు దాడి చేసి ప్రాణాలు తీసినారు. ఆ తర్వాత చాలా ఏండ్లు ఇక్కడ అటక మీద ఇనుప గొట్టం ఉందంటే అది పాత జ్ఞాపకం అని ఎవరూ నవ్వి వదిలేయలేదు.

కడ్డీని పరీక్ష చేసినాను. ఒక కొస నుంచి వెలుతురు పట్టి చూసినాను, సన్న తీగ దూర్చి చూసినాను. రంధ్రం లేదు, గట్టి కడ్డీ. ఒక కొసన గుడ్డ దూర్చే చీలిక ఉంది. తుడిచేదే. ఇంట్లో ఉండొచ్చు.

జాగ్రత్త ఎవరి చేతిలో ఉంటుంది

ఎన్నికలు వచ్చినప్పుడంతా లైసెన్సు కోవులు ఠాణాలో పెట్టాల్సిన పద్ధతి మీకు తెలిసిందే. ఒకసారి మన కోవి అట్ల పోయి తిరిగొచ్చినప్పుడు గొట్టం మీద ఎర్రగా తుప్పు ఉండిందని చిన్నాయన ఇప్పటికీ చెప్తాడు. అన్ని కోవులూ ఒక మూల కుప్పగా పెట్టినారంట. ఆ ఊరి పేరు వద్దు. మరుసటి ఎన్నికలకి జేజినాయన కోవికి నూనె పూసి, ఫ్లానెల్ గుడ్డ చుట్టి, ఆ ఎర్ర పీలిక మూతినే కాగితంతో సరిచేసి మూతికి బిగించి ఇచ్చినాడు. నోటుబుక్కులో ఆ తేదీ పక్కన తిరిగొచ్చినప్పుడు తుప్పు లేదని మాత్రం రాసుకున్నాడు. పాయింట్ 22 కోసం కొన్న సామాను నాటు కోవికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మన బంధువుల్లో మడకశిర, హిందూపురం, మధుగిరి పక్క ఇట్లాంటి పెట్టెలు ఇంకా ఉన్నాయని విన్నాను. అమ్మేముందు, పాత ఇనుము వానికి ఇచ్చేముందు, ఒక్కొక్కటీ బయటికి తీసి చూడండి. తుడిచే సామాను అయితే ఫోటో తీసి పెట్టుకోండి, పేర్లు రాసుకోండి; చిందీ, ఫుల్‌త్రూ అనే మాటలు ఇంకో తరానికి ఉండవు. గొట్టం మాదిరి, బోల్టు మాదిరి ఏదైనా కనపడితే, తూటా దొరికితే, ఫోటోలు పంచుకోకుండా ముందు ఠాణాకి చెప్పండి. మన పెట్టె ఇప్పుడు అటక మీద లేదు, కింద అద్దాల బీరువాలో ఉంది. నోటుబుక్కుని నేను తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాస్తున్నాను, ఇంకా పదకొండు పేజీలు ఉన్నాయి.