తోటలో గోఫరు

కాలిఫోర్నియా రాష్ట్రమున పెరటితోట పెంచువారికి ఒక వింత అనుభవము తరచు కలుగును. నిన్నటివరకు పచ్చగా నున్న మొక్క నేడు తలవాల్చును. చేతితో పట్టి లాగినచో తేలికగా ఊడి వచ్చును. చూడగా దానికి వేళ్ళుండవు. ప్రక్కనే విసనకర్ర ఆకారమున క్రొత్త మట్టికుప్ప కనబడును. ఆ పని చేసిన జంతువు మాత్రము కనబడదు. అదియే గోఫరు. మానవుడు దీనిని శత్రువుగా నెంచి సాగించిన పోరాటమునకును, దానివలన నేలకు కలుగు మేలును క్రమముగా గ్రహించుటకును నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

గోఫరు మన దేశమున లేదు. ఇది ఉత్తర, మధ్య అమెరికాల జంతువు. మన పెరళ్ళను త్రవ్వు పందికొక్కువలె ఇదియు కొరుకు జంతువులలోనిదే గాని, కుటుంబము వేరు. (ఇంగ్లీషులోని 'బాండికూట్' అను మాట మన 'పందికొక్కు' నుండియే పుట్టినది.) పందికొక్కు రాత్రివేళ పైకి వచ్చి తిరుగును. గోఫరు దాదాపు జీవితమంతయు నేలలోపల ఒంటరిగా గడుపును. దాని బుగ్గలకు వెలుపలివైపున, లోన బొచ్చుగల రెండు సంచులుండును. వేళ్ళను, దుంపలను ముక్కలు చేసి వానిలో నింపుకొని కొట్టుగదికి చేరవేయును. ముందుపళ్ళకు వెనుకగా పెదవులు మూసుకొనును గనుక, పళ్ళతో మన్ను త్రవ్వినను నోటిలోనికి మట్టి పోదు. మేత కొరకు త్రవ్వు సొరంగములు సాధారణముగా 6 మొదలు 12 అంగుళముల లోతున నుండును. గూడు, కొట్టుగది ఆరడుగుల లోతువరకు ఉండవచ్చును.

కాలిఫోర్నియాలో విస్తారముగా కనబడు జాతికి శాస్త్రనామము థోమోమిస్ బోట్టే. 1827-28 సంవత్సరములలో ఆ తీరమునకు ఓడపై వచ్చి జంతువులను సేకరించిన పాల్ ఎమిల్ బోట్టా పేరిట 1836లో ఈ నామము పెట్టబడినది. ఈ బోట్టాయే 1843లో నేటి ఇరాక్ దేశములోని ఖోర్సాబాద్ వద్ద త్రవ్వకములు జరిపి, అసీరియా రాజుల ప్రాసాదమును వెలికితీసెను. త్రవ్వు జంతువునకు త్రవ్వకముల పండితుని పేరు ముందుగానే లభించినది!

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికా పశ్చిమ భాగమున సేద్యము వ్యాపించెను. ఎండిన నేలలకు కాలువల నీరు వచ్చెను. లూసర్న్ గడ్డి, పండ్లతోటలు, పెరటితోటలు వెలసెను. గోఫరునకు ఇంతకంటె కావలసిన దేమున్నది? నీటివసతి లేని చోట అది సాధారణముగా ఏడాది కొక్కమారు ఈనును. నీరు పెట్టు నేలలలో మూడుమార్ల వరకు ఈనగలదు. ఈతకు సగటున అయిదారు పిల్లలు. అనగా మానవుడు తన తోటతోపాటు తన శత్రువును కూడ తానే పెంచెను.

తరువాత యుద్ధము మొదలయ్యెను. 1900లో కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్ పట్టణమున జెఫిర్ మకాబీ అనునతడు సొరంగములో నమర్చు తీగబోనును కనిపెట్టెను. స్ట్రిక్నైన్ కలిపిన విషపు గింజలు కలుగులలో వేయు పద్ధతి వ్యాపించెను. కొన్ని ప్రాంతములలో స్థానిక ప్రభుత్వములు, చంపిన గోఫరు పాదములను తెచ్చి చూపినవారికి బహుమానము చెల్లించెను. అయినను గోఫరు నశింపలేదు. ఒక కలుగు ఖాళీ యైనచో ప్రక్కనున్న మరియొక గోఫరు వచ్చి దానిని ఆక్రమించును.

ఈ పోరాటము సాగుచుండగనే, 1923లో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు జోసెఫ్ గ్రిన్నెల్ ఒక వ్యాసము ప్రకటించెను. త్రవ్వు జంతువులు నేలను తయారుచేయు సాధనములని అతని వాదము. అవి క్రింది మట్టిని పైకి తెచ్చును. పైనున్న ఆకు అలములను మట్టితో కప్పును. నేలను గుల్లపరచి మంచు కరిగిన నీరు ఇంకునట్లు చేయును. పొలములో నష్టము నిజమే. కాని అడవులలోను, కొండలలోను వానిని నిర్మూలించుట పొరపాటని అతడు హెచ్చరించెను. వానపాములు మట్టిని తిరుగవేయు తీరును డార్విన్ 1881లోనే వివరించి యుండెను. గోఫరు ఆ పనినే పెద్ద ఎత్తున చేయుచున్నది. ఒక్క గోఫరు ఏటా సుమారు ఒక టన్ను మట్టిని పైకి నెట్టునని అంచనా.

ఈ వాదమునకు బలమైన నిదర్శనము అగ్నిపర్వతము వద్ద లభించెను. 1980 మే 18న వాషింగ్టన్ రాష్ట్రములోని సెయింట్ హెలెన్స్ పర్వతము బ్రద్దలై, పరిసరములను బూడిదతోను, నురుగురాతితోను కప్పివేసెను. అయినను నేలలోపల నున్న గోఫరులు కొన్ని బ్రతికెను. 1983లో శాస్త్రజ్ఞులు నురుగురాతి నేలపై రెండు మడులలో గోఫరులను ఒక్క దినముపాటు వదలిరి. అప్పటికి అక్కడ పట్టుమని పది, పన్నెండు మొక్కలే ఉండెను. ఆరేండ్లకు ఆ మడులలో 40,000కు పైగా మొక్కలు పెరిగెను! ప్రక్కనున్న నేల చాలవరకు బోడిగానే మిగిలెను. క్రింద కప్పబడిన పాత మట్టిని, దానిలోని సూక్ష్మజీవులను గోఫరులు పైకి తెచ్చుటయే కారణము. వేళ్ళతో పొత్తుగా జీవించి మొక్కలకు నీరు, పోషకములు అందించు శిలీంధ్రములు వానిలో ముఖ్యమైనవి. నాలుగు దశాబ్దముల తరువాత కూడ అచ్చటి నేలలో ఆ ప్రభావము మిగిలియున్నదని 2024లో ప్రకటితమైన పరిశోధన తెల్పినది.

అట్లని కూరగాయల మడిని గోఫరుకు అప్పగించుట సాధ్యమా? కాదు. అందుచేత పలువురు తోటమాలులు హద్దు ఏర్పరచు మార్గమును అనుసరించుచున్నారు. ముప్పాతిక అంగుళమునకు మించని కన్నుల ఇనుప వలను రెండడుగుల లోతున పాతి, అడుగు అంచును ఆరంగుళములు వెలుపలికి వంచుదురు. ఎత్తుమడుల అడుగున వల పరచుదురు. పండ్లమొక్కలను తీగబుట్టలలో నాటుదురు. గుడ్లగూబలకు పెట్టెలు కట్టువారును కలరు. అవి గోఫరులను విరివిగా తినునుగాని, విశాల ప్రదేశమున వేటాడును గనుక అవియే ఒక చిన్న తోటను కాపాడునని నమ్మరాదు. పైగా విషము తిన్న జంతువును తిని గుడ్లగూబయు చావవచ్చును. పెంపుడు కుక్కకును ప్రమాదమే. విషము వాడునపుడు తప్పక గుర్తుంచుకొనవలసిన విషయ మిది.

ఒకే జంతువు, ఒకే పని. మడిలో అది నష్టము. కొండమీద క్రొత్త నేలకు ప్రాణము. ఒక జీవిని 'హానికరము' అని పుస్తకములో చదివినప్పుడు, ఎక్కడ, ఎవరికి అని విద్యార్థులు తప్పక ప్రశ్నింపవలెను. గ్రిన్నెల్ వేసినది ఆ ప్రశ్నయే.