డొమైన్ లాగిన్ విఫలమైతే పాస్‌వర్డ్ కంటే ముందు పరిశీలించవలసినవి

కోల్‌కతా బి.బి.డి. బాగ్ పరిసరాల్లోని పాత కార్యాలయాల్లోనూ, సాల్ట్ లేక్ ఐదో సెక్టార్‌లోని సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనూ ఉద్యోగి పనిదినం కంప్యూటర్‌లో లాగిన్ కావడంతోనే మొదలవుతుంది. ఆ ఒక్క మెట్టు దగ్గర ఆటంకం ఏర్పడితే జీతాల బిల్లులు, దస్త్రాలు, కౌంటర్ ముందు నిలబడిన పౌరుల పనులు అన్నీ ఆగిపోతాయి. అటువంటి వేళ చాలామంది పాస్‌వర్డ్‌నే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తారు. నిర్ణీత సంఖ్యకు మించి తప్పులు జరిగితే ఖాతా తాళం పడేలా అనేక సంస్థలు నిబంధన పెట్టుకుంటాయి. ఫలితంగా ఒక సమస్య రెండవుతుంది.

సంస్థలోని కంప్యూటర్లను, ఉద్యోగుల ఖాతాలను ఒకే చోటి నుంచి నిర్వహించే ఏర్పాటును డొమైన్ అంటారు. విండోస్ వ్యవస్థలో ఈ బాధ్యతను 2000 సంవత్సరం నుంచి యాక్టివ్ డైరెక్టరీ నిర్వహిస్తోంది. పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చేది ఉద్యోగి ఎదుట ఉన్న యంత్రం కాదు, డొమైన్ కంట్రోలర్ అనే సర్వర్. కాబట్టి పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా లాగిన్ విఫలం కావడానికి వేరే కారణాలు ఉండవచ్చు.

ముందుగా సమస్య ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకోవాలి. ఒకే ఉద్యోగికి ఏ కంప్యూటర్‌లోనూ లాగిన్ కాకపోతే లోపం ఆ ఖాతాలో ఉంటుంది. ఒకే కంప్యూటర్‌లో ఎవరికీ కాకపోతే లోపం ఆ యంత్రంలో ఉంటుంది. అందరికీ అన్నిచోట్లా ఆటంకమైతే నెట్‌వర్క్‌నో సర్వర్‌నో అనుమానించాలి.

యంత్రంలో లోపమని తేలితే మొదట నెట్‌వర్క్ తీగను, వైఫైని పరిశీలించాలి. విండోస్ సాధారణ అమరికలో, గతంలో ఆ యంత్రంలో లాగిన్ అయిన 10 మంది వరకు వినియోగదారుల ధ్రువీకరణ సమాచారాన్ని దాచుకుంటుంది. అందువల్ల తీగ ఊడిపోయినా పాత ఉద్యోగి లోనికి వెళ్ళగలుగుతారు, కొత్తగా వచ్చిన ఉద్యోగి మాత్రం వెళ్ళలేరు. ఈ తేడా కనబడితే సంబంధం తెగిందని గ్రహించవచ్చు.

రెండవది డీఎన్ఎస్. డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పేది ఇదే. కార్యాలయ డీఎన్ఎస్ సర్వర్‌కు బదులు బయటి ఉచిత డీఎన్ఎస్ చిరునామాను అమర్చితే వెబ్‌సైట్లు చక్కగా తెరుచుకుంటాయి గాని డొమైన్ మాత్రం దొరకదు. ఇంటర్‌నెట్ పనిచేస్తోంది గనుక నెట్‌వర్క్‌లో లోపం లేదనుకోవడం ఇక్కడ జరిగే సాధారణ పొరపాటు.

మూడవది గడియారం. లాగిన్ ధ్రువీకరణకు వాడే కెర్బెరోస్ విధానం అమెరికాలోని ఎంఐటీలో 1980వ దశకంలో రూపొందింది. గ్రీకు పురాణాల్లోని మూడు తలల కావలి కుక్క పేరే దీనికి పెట్టారు. ఒకసారి వాడిన అనుమతిని ఇతరులు దొంగిలించి మళ్ళీ వాడకుండా ఇది ప్రతి అభ్యర్థనలోనూ సమయాన్ని పరిశీలిస్తుంది. సాధారణ అమరికలో కంప్యూటర్‌కు, సర్వర్‌కు మధ్య 5 నిమిషాలకు మించిన తేడాను ఇది అనుమతించదు.

సమయభేదం కోల్‌కతాకు కొత్త కాదు. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చినా, ఈ నగరం 1948 వరకు తన సొంత కాలాన్నే పాటించింది. అది ప్రామాణిక కాలం కంటే దాదాపు 24 నిమిషాలు ముందుండేది. అప్పట్లో మనుషులు సర్దుకుపోయిన ఆ తేడాను నేటి సర్వర్ సహించదు.

గోడ గడియారంతో సరిపోయినంత మాత్రాన కంప్యూటర్ సమయం సరైనదని చెప్పలేము. ఉదాహరణకు టైమ్‌జోన్ కోల్‌కతాకు బదులు ఢాకాకు అమర్చి ఉండగా, ఎవరైనా అంకెలను చేత్తో మార్చి స్థానిక సమయం కనబడేలా చేశారనుకుందాం. తెర మీద సమయం సరిగానే ఉంటుంది. లోపల యంత్రం లెక్కించే అంతర్జాతీయ సమయం మాత్రం అరగంట వెనుకబడుతుంది. కాబట్టి సమయంతోపాటు టైమ్‌జోన్‌నూ చూడాలి. దుర్గాపూజ సెలవుల తరువాత ఈ పరిశీలన మరింత అవసరం. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ బలహీనపడితే, రోజుల తరబడి ఆపి ఉంచిన యంత్రం సమయాన్ని మరచిపోతుంది. పాస్‌వర్డ్ గడువు కూడా ఆ సెలవుల్లోనే ముగిసి ఉండవచ్చు.

నాలుగవది విశ్వాస సంబంధం. ఉద్యోగికి ఉన్నట్లే డొమైన్‌లో ప్రతి కంప్యూటర్‌కూ ఒక రహస్య పాస్‌వర్డ్ ఉంటుంది. సాధారణంగా 30 రోజులకోసారి యంత్రమే దాన్ని మార్చుకుంటుంది. పాత బ్యాకప్ నుంచి వ్యవస్థను పునరుద్ధరించినా, అదే పేరుతో మరో యంత్రాన్ని డొమైన్‌లో చేర్చినా ఆ రెండింటికీ పొంతన తప్పి, విశ్వాస సంబంధం తెగిందన్న సందేశం వస్తుంది. దీన్ని సరిచేయవలసింది నిర్వాహకుడే. యంత్రాన్ని డొమైన్ నుంచి తొలగించి మళ్ళీ చేర్చే ముందు, అందులోని స్థానిక నిర్వాహక ఖాతా పాస్‌వర్డ్ చేతిలో ఉందో లేదో నిర్ధారించుకోవాలి. లేనిపక్షంలో యంత్రంలోకి వెళ్ళే దారే మూసుకుపోతుంది.

లోపం ఒకే ఖాతాలో ఉంటే, తాళం తీసిన వెంటనే మళ్ళీ పడుతోందేమో గమనించాలి. ఫోన్‌లోని మెయిల్‌లోనో మరో కంప్యూటర్‌లోనో నిలిచిపోయిన పాత పాస్‌వర్డ్ తనంతట తానే ప్రయత్నిస్తూ ఉండవచ్చు. ఒకేసారి అనేక ఖాతాలకు తాళం పడితే అది దాడికి సంకేతం కావచ్చు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం నిర్దేశించిన సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా నివేదించాలి. కంప్యూటర్ల సమయాన్ని జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయ సర్వర్లతో అనుసంధానించాలని కూడా ఆ ఆదేశాలే చెబుతున్నాయి.

పని ఆగిందన్న తొందరలో సహోద్యోగి ఖాతాతో లోనికి వెళ్ళడం, ఫోన్‌లో అడిగినవారికి పాస్‌వర్డ్ చెప్పడం తగదు. ఆ ఖాతాతో జరిగే ప్రతి పనీ ఖాతాదారు పేరిటే నమోదవుతుంది. తెర మీద వచ్చిన సందేశాన్ని యథాతథంగా రాసుకుని, సమయాన్ని, కంప్యూటర్ పేరును జోడించి నిర్వాహకుడికి అందజేస్తే లోపం ఎక్కడుందో త్వరగా తేలుతుంది.