దేవాలయము, బడి, బావి – సిద్దిపేట ప్రాంత సంఘములకు ఒక ఆరోగ్య చరిత్ర

మెదక్ మహాదేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడి నూరు సంవత్సరములు నిండినవి. ఈ శతాబ్ది సంచికలో పలువురు ఆలయ గోపురమును గూర్చియు, రంగుటద్దముల కిటికీలను గూర్చియు వ్రాయుదురు. అది తగినదే. మేము మాత్రము ఆ గోపురపు నీడలో మరుగుపడిన మరియొక పనిని జ్ఞాపకము చేయగోరుచున్నాము. అది మన బిడ్డల శరీరములను, మన పల్లెల నీటిని, మన పెద్దల మందు మాత్రలను గూర్చిన పని. ఇది భక్తికి సంబంధించిన సంగతి కాదని కొందరు తలంచుచున్నారు. మన చరిత్ర వేరుగా చెప్పుచున్నది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదు వచ్చి, మరుసటి సంవత్సరము మెదక్ చేరిరి. ఆలయ నిర్మాణము 1914లో మొదలై పది సంవత్సరములు సాగెను. ఆ కాలమున ఈ ప్రాంతము కరవుతో అల్లాడుచుండెను. ఆకలిగొన్నవారికి ఊరక గింజలు పంచుటకు బదులు రాయి మోసినవారికి, సున్నము కలిపినవారికి అన్నము దొరకు ఏర్పాటు చేయబడెను. ఆ విధముగా వేల కుటుంబములు బ్రతికినవి. గోడలు లేచుచున్న దినములలోనే కూలివాని కుండలో గంజి ఉడికెను. ఆరాధన వేరు, అన్నము వేరు అని మన పెద్దలు ఎంచలేదు.

వారికి ఈ బుద్ధి ఎక్కడిది? మన ప్రాంతమునకు సువార్త తెచ్చినది వెస్లియన్ మెథడిస్టు మిషను. ఆ సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1746లో లండనులో బీదల కొరకు ఉచిత మందుల శాల తెరచెను. మరుసటి సంవత్సరము, వైద్యునికి రూకలు చెల్లింపలేని వారి కొరకు ఇంటి వైద్యపు పుస్తకము నొకటి అచ్చు వేయించెను. మితమైన ఆహారము, శుభ్రమైన గాలి, శరీర శ్రమ, పరిశుభ్రత అను వాటిని ఆయన నొక్కి చెప్పెను. నేడు మనము ఆరోగ్య బోధ అని పిలుచునది ఆయన ప్రసంగ వేదిక ప్రక్కనే పుట్టినది.

1880వ సంవత్సర ప్రాంతమున విలియం బర్జెస్ గారు నిజాము రాజ్యములో ఈ మిషను పనిని ప్రారంభించిరి. సిద్దిపేట, కరీంనగరము, మెదక్ దాని కేంద్రములాయెను. మన తాత ముత్తాతలలో ఎక్కువమంది మాలపల్లెలలో, మాదిగవాడలలో ఈ వార్త విన్నవారు. ఊరి బావి వారికి అందనిది. తమ చేతితో చేద వేసి నీరు తోడుకొనుటకు వారికి హక్కు లేదు. ఎవరైన కరుణించి పోయువరకు కడవతో గట్టున నిలువవలెను, లేదా వాగులో చెలిమ తీసుకొనవలెను, లేదా గుంట నీరు త్రాగవలెను. కాబట్టి మన వాడలలో రోగము ఎక్కువగా నుండుట మన అశుభ్రత వలన కలిగినది కాదు. నీరు ఎవరి చేతిలో నున్నదో, ఆరోగ్యమును వారి చేతిలోనే యుండెను. అట్టి వాడలో ఒక బడి పెట్టి, పగలు అక్షరములు నేర్పి, సాయంకాలము ప్రార్థన నడిపిన ఉపదేశియే మన సంఘములకు మొదటి ఆరోగ్య బోధకుడు. చేతులు కడుగుకొనుడని, మశూచికి టీకా వేయించుకొనుడని చెప్పుటకు వాడలో అక్షరము వచ్చినవాడు అతడొక్కడే కదా!

నీటి సంగతి ఎంత గొప్పదో నారికురుపు చరిత్ర తెలుపుచున్నది. ఈ వ్యాధి పీడించిన ఏడు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దిగుడు బావిలో మెట్లు దిగి కాలు పెట్టినవాని కురుపు నుండి పురుగు పిల్లలు నీటిలోనికి వచ్చును. కంటికి ఆననంత చిన్న నీటి జీవులు వాటిని మ్రింగును. ఆ నీరు త్రాగినవాని కడుపులో చేరిన పురుగు, సుమారు ఏడాదికి మూరకు మించిన పొడవు పెరిగి కాలి చర్మమును చీల్చుకొని బయటికి వచ్చును. సేద్యపు పని ముమ్మరముగా నున్నప్పుడే మనిషి మంచమెక్కును. బడి పిల్లవాడు నెలల తరబడి బడి మానును. దీనికి నేటికిని టీకా లేదు, మందు లేదు. అయినను 1983–84లో మొదలైన జాతీయ కార్యక్రమము దీనిని దేశము నుండి తుడిచి వేసెను. ఎట్లు? నీటిని బట్టతో వడగట్టుడని బోధించుట, దిగుడు బావులను చేదబావులుగా మార్చుట, చేతిపంపులు వేయుట, రోగిని నీటిలో దిగనీయకుండుట – ఇంతే. చివరి రోగి 1996 జూలైలో రాజస్థానములో కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము ఈ వ్యాధి నుండి విడుదల పొందినదని ధ్రువపరచెను. సూది మందు చేయలేని పనిని బోధయు బట్టయు చేసినవి.

వైద్యశాలల సేవను మేము తక్కువ చేయుట లేదు. స్కాట్లండు నుండి 1907లో హైదరాబాదు రాజ్యమునకు వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ గారిని మరువగలమా? కుష్ఠరోగులు నిజామాబాదు వీధులలో దిక్కులేక తిరుగుచుండగా చూచి, ఆమెయు ఆమె భర్త జార్జి కెర్ గారును వారి కొరకు పని మొదలు పెట్టిరి. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి వెలసెను. దానికి ధనసహాయము చేసిన నర్సాగౌడు గారు హిందువు అను సంగతి మన పిల్లలకు చెప్పదగినది. హిడ్నోకార్పస్ నూనె సూదులతో అచ్చట చికిత్స జరిగెను. 1923లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము లభించెను. 1932లో ఆమె ప్రభువు నందు నిద్రించిరి. తరువాత డాప్సోను మాత్ర వచ్చెను, 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చెను. నేడు కుష్ఠు పూర్తిగా నయమగు రోగము. అయితే మచ్చను దాచుకొను భయము ఇంకను పోలేదు. ఆ భయమును పోగొట్టవలసిన స్థలము ఆసుపత్రి కాదు, బడియు సంఘమును.

ఈ సత్యమును లోక సంఘము ఆలస్యముగా గ్రహించినది. 1964లో జర్మనీ దేశమందలి టూబింగెన్ పట్టణమున క్రైస్తవ వైద్య సేవకులు కూడి, స్వస్థత ఆసుపత్రి గోడలలో ఉండునది కాదు, సంఘమంతటికి అప్పగింపబడిన పని యని తేల్చిరి. 1970లో వేలూరు వైద్య కళాశాలలో చదివిన అరోలే దంపతులు మహారాష్ట్రలోని జాంఖేడులో, చదువురాని బీద స్త్రీలకు శిక్షణ యిచ్చి గ్రామ ఆరోగ్య సేవికలను చేసిరి. 1978లో ఆల్మా ఆటా సభలో లోక రాజ్యములు ప్రాథమిక ఆరోగ్యము అందరి హక్కని ప్రకటించినవి.

మన తెలుగు దేశములోనే ఒక నిదర్శనము కలదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతికి వచ్చిన స్త్రీలు, సారా వలన చెడిన సంసారమును గూర్చిన పాఠము చదివి, 1992లో తమ ఊరి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట అంటుకొనెను. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడెను. రాత్రి బడిలో చదివిన ఒక పాఠము ప్రభుత్వమును కదిపెను.

ఇప్పుడు మన సిద్దిపేటను చూతము. 2016 అక్టోబరు 11న ఇది జిల్లా కేంద్రమాయెను. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చెను. ఇబ్రహీంపూర్ గ్రామము ఇంటింటికి మరుగుదొడ్డి, ఇంకుడు గుంత కట్టుకొని పేరు పొందెను. దిగువ మానేరు నీరు సిద్దిపేట పల్లెలకు తెచ్చిన పథకమే తరువాత మిషన్ భగీరథకు మాదిరి ఆయెను. ఆ మిషను 2016 ఆగస్టు 7న మన గజ్వేలు వద్ద కోమటిబండలో ప్రారంభింపబడెను. మన నాయనమ్మలు ఎవరి దయ కొరకో గట్టున నిలిచిరి. నేడు వారి మనుమరాండ్రు ఇంటి ముందర నల్లా త్రిప్పుచున్నారు. దీనికి దేవునికి స్తోత్రము చెల్లింపవలెను. సిద్దిపేట పురపాలక సంఘము చేపట్టిన ఋతుప్రేమ కార్యక్రమము, ఆడుబిడ్డల నెలసరిని గూర్చి సిగ్గు విడిచి మాటలాడుట నేర్పెను.

బడులలోను గొప్ప మార్పు వచ్చెను. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఇచ్చిన ఆజ్ఞ ననుసరించి, 2003 నుండి మన రాష్ట్రపు బడులలో మధ్యాహ్న భోజనము వండి పెట్టబడుచున్నది. అన్ని కులముల పిల్లలు ఒక పంక్తిలో కూర్చుండి తినుట పోషణ మాత్రమే కాదు, ఒక విధమైన సువార్తయే. 2015 నుండి నులిపురుగుల దినమున పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చుచున్నారు. 2020లో కేంద్ర ప్రభుత్వము, ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్యమును గూర్చి వారమునకు ఒక గంట బోధింపవలెనని పాఠ్యక్రమము నేర్పరచెను.

మరి పని ముగిసినదా? లేదు. 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57.6 శాతము, అయిదేండ్ల లోపు పసిపిల్లలలో 70 శాతము రక్తహీనులు. నల్లా వచ్చినను నెత్తురు తక్కువగానే యున్నది. ఇనుప మాత్ర బడిలో ఇచ్చినను, వికారము కలిగెనని ఇంటిలో పారవేసిన ప్రయోజనమేమి? ఇంటిలో అందరు తినిన తరువాత మిగిలినది తినుచున్న తల్లికి నెత్తురు ఎట్లు పట్టును? పురుగుల మాత్ర ఏడాదికి రెండు మారులు మ్రింగినను, చెప్పులు లేని కాలు మలము పడిన నేలను త్రొక్కిన పురుగు మరల వచ్చును. ప్రభుత్వము బడి గుమ్మము వరకే రాగలదు. ఇంటి లోపలికి పోగలది సంఘమే.

ఇంకొక సంగతి సూటిగా చెప్పవలెను. స్వస్థత కూటములలో కొందరు, విశ్వాసమున్నవానికి మాత్రలు అక్కరలేదని బోధించుచున్నారు. ఆ మాట విని చక్కెర వ్యాధి మందును, రక్తపోటు మందును, ఆరు నెలలు వాడవలసిన క్షయ మందును మధ్యలో మానివేయుచున్నవారున్నారు. క్షయ మందు మధ్యలో మానిన రోగము మొండిబారి, ఆ మందులకే లొంగకుండ పోవును. ఇంటిలోని పిల్లలకును అంటును. మేము ప్రార్థన వలని స్వస్థతను నమ్ముచున్నాము. అయితే యేసు ప్రభువు బాగుపరచిన కుష్ఠరోగులను యాజకునికి కనపరచుకొనుడని పంపెను గాని పరీక్ష వద్దనలేదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. మందును దూషించు బోధ, డిచ్‌పల్లిలో పని చేసినవారి విశ్వాసమును దూషించు బోధయే.

కాబట్టి ప్రతి సంఘము కొన్ని చిన్న పనులు పట్టుకొనవలెనని మా మనవి. ఆదివారపు బడిలో పాఠమునకు ముందు చేతులు కడుగు అలవాటు నేర్పుడి. స్త్రీల సమాజము నెలకొకసారి రక్తహీనతను గూర్చి, నెలసరిని గూర్చి మాటలాడునట్లు ఆశా కార్యకర్తను, ఏఎన్ఎమ్ గారిని మర్యాదతో పిలువుడి. క్షయ మందు వాడువారికి ఆరు నెలలు తోడుగా నుండుటకు ఒక్కొక్క కుటుంబమును నియమింపుడి. ప్రేమ విందులో ఆకుకూర, పప్పు, గ్రుడ్డు ముందు తల్లులకు వడ్డింపుడి. మన ఆలయ ప్రాంగణములోని బోరు నీటిని, కులము మతము అడుగక, వాడ వారందరికి పట్టుకొననియ్యుడి. ఒకప్పుడు మనకు నిరాకరింపబడినది మనము ఎవరికిని నిరాకరింపరాదు.

నూరేండ్ల క్రిందట ఆకలిగొన్న కూలీలు తమ భుజములపై రాళ్లు మోసి మనకు ఆలయము కట్టియిచ్చిరి. వారి మునిమనుమలు బలమైన దేహములతో, నిండు నెత్తురుతో ఆ ఆలయములో నిలిచి పాడునట్లు చేయుట మన తరము చెల్లింపవలసిన ఋణము. ఈ పనికి తగిన మనస్సును, ఓర్పును ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.