పార్వతి అడిగిన రాత్రి

బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు వచ్చేసరికి ఎడమ చేతి వైపు గుడివాడ దారి చీలుతుంది. ఆ దిక్కున అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, ఘంటసాల పుట్టిన చౌటపల్లి. చీలకుండా పామర్రు దాకా పోయి తిరిగితే వేదాంతం రాఘవయ్య ఊరు కూచిపూడి. కృష్ణకు అవతలి ఒడ్డున సావిత్రిది చిర్రావూరు. బెంగాలీ నవలాకారుడు శరత్‌ను తెలుగింటి రచయితగా మార్చిన చక్రపాణిది తెనాలి. 1953లో వచ్చిన ‘దేవదాసు’కు కథ బెంగాల్ ఇచ్చింది. ప్రాణం పోసినవాళ్ళలో ఎక్కువమంది, దేవదాసుగా అక్కినేని, పార్వతిగా సావిత్రి, పాటల ఘంటసాల, దర్శకుడు రాఘవయ్య, ఈ కృష్ణా కాలువల కింది ఊళ్ళవాళ్ళే.

దేవదాసు అనగానే మనకు సీసా, శాలువా, దగ్గు గుర్తొస్తాయి. అతని పతనం తాగుడుతో మొదలైందని మాత్రం నేను ఒప్పుకోలేను. అంతకు చాలా ముందు, అతను మీసాలు సరిగా రాని పిల్లవాడిగా ఉన్నప్పుడే అది మొదలైంది.

శరత్ నవలలో మొదట ఉన్నది ప్రేమ కాదు, చెలిమి. బళ్ళో తోటి పిల్లవాణ్ణి సున్నపు గుట్టలోకి తోసేసి దేవదాసు తోటలో దాక్కుంటే, పార్వతి కొంగులో మరమరాలు మూటగట్టుకుని వెళ్ళి పెడుతుంది. అతను దొంగచాటుగా హుక్కా పీలుస్తుంటే చూసి ఊరుకుంటుంది. దాచమని అతనిచ్చిన మూడు రూపాయలను పాడుకుంటూ వచ్చిన ముగ్గురు వైష్ణవ స్త్రీలకు తలా ఒకటి ఇచ్చేస్తుంది. అతను కొడతాడు, ఆమె ఏడుస్తుంది, మర్నాటికి మళ్ళీ ఇద్దరూ ఒకటే. ఒకరు లేకపోతే ఒకరికి పొద్దు గడవని ఆ చనువుకు ఏ పేరు పెట్టాలో ఆ వయసులో వాళ్ళకు తెలియదు.  ఇంతలో పెద్దలు అతన్ని చదువుకని కలకత్తా పంపారు.

తర్వాత పెళ్ళి మాట. పిల్లకు పదమూడు, పిల్లవాడికి పంతొమ్మిది. పొరుగింటి సంబంధం, పైగా అంతస్తులో తక్కువ, దేవదాసు ఇంట్లో వద్దన్నారు. ఈ ముక్క డెల్టాలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక మాగాణికి విలువ పెరిగింది. ఆ మాగాణి చుట్టూనే ఇక్కడ సంబంధాలూ కట్నాలూ నడిచాయి. సినిమాలో దేవదాసు తండ్రి అయిన జమీందారుగా ఎస్వీ రంగారావు గర్జిస్తే, హాల్లో కూర్చున్న చాలామందికి సొంత పెదనాన్నో మేనమామో కనిపించి ఉంటాడు.

అప్పుడు పార్వతి చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. నడిరేయి ఒంటరిగా అతని గదికి వెళ్ళింది. పరువు పోతుందని తెలిసీ వెళ్ళింది. తనకు చోటిమ్మని అడిగింది. అతను ఎవరైనా చూశారేమోనని బెంబేలు పడ్డాడు. తండ్రిని ఒక్కసారి అడిగాడు, కాదనిపించుకున్నాడు, కలకత్తా పారిపోయాడు. అక్కణ్ణుంచి, నిన్నెప్పుడూ అంతగా ప్రేమించలేదన్న అర్థం వచ్చే ఉత్తరం వేశాడు. డబ్బాలో పడేసిన క్షణం నుంచీ పశ్చాత్తాపమే. తిరిగొచ్చేసరికి ఆమె అభిమానం గడ్డకట్టింది. రేవు దగ్గర చేతిలో ఉన్న గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొట్టాడు. ఆ మచ్చతోనే ఆమె ఎదిగిన బిడ్డలున్న రెండో పెళ్ళివాడి ఇంటికి ఇల్లాలిగా వెళ్ళింది.

ఆ తర్వాతి తాగుడూ, వేశ్య చంద్రముఖి చెలిమీ అందరికీ తెలిసినవే. చచ్చేలోపు ఒకసారి నీ ఇంటికి వస్తానన్న మాట కోసం రైలు దిగి, ఎద్దుబండిలో కుదుపులు తింటూ వచ్చి పార్వతి గడప బయట పోయాడు. లోపలున్న ఆమెకు ఆ పోయేది ఎవరో తెలియనే లేదు.

తెర వెనక కూడా మృత్యువు ఉంది. బాణీలు కట్టిన సి.ఆర్.సుబ్బురామన్ ముప్పై ఏళ్ళయినా నిండకుండా 1952లో పోయాడు, సినిమా విడుదల చూడలేదు. మిగిలిన సంగీతం ఆయన దగ్గర పనిచేసిన విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. ఇక సావిత్రి. తెర మీద దేవదాసును తాగొద్దని బతిమాలిన ఆ పిల్లే తాగుడుకు చిక్కి, నెలల తరబడి స్పృహ లేకుండా పడి ఉండి, 1981 డిసెంబరులో కన్నుమూసింది. ఆ బతిమాలే దృశ్యం వచ్చినప్పుడు నేను తెర వైపు చూడలేను.

శరత్ ఈ నవలను కుర్రతనంలోనే రాసి ఏళ్ళ తరబడి అచ్చుకివ్వలేదు. 1917లో గానీ పుస్తకంగా రాలేదు. చివర ఆయన దేవదాసు కోసం మనల్ని కన్నీళ్ళు అడిగాడు. పార్వతి ఏమైందో తెలియదనీ, తెలుసుకోవాలనీ లేదనీ రాశాడు. నాకు మాత్రం తెలుసుకోవాలని ఉంది. తనకంటే పెద్దవాళ్ళయిన సవతి బిడ్డలకు తల్లయింది. అలిగి దూరంగా ఉన్న కూతురికి ఒంటి మీది నగలన్నీ తీసిచ్చి దగ్గర చేసుకుంది. పడిపోయిన ఇంటిని నిలబెట్టింది. దేవదాసు పోయాక ఆమెకు ఇంకా బోలెడు ఆయుష్షు మిగిలి ఉంది. అందులో ఒక్క రోజు గురించి కూడా ఎవరూ మనకు చెప్పలేదు.