లింకు డాక్యుమెంటు తెగిన కంప్యూటర్

రామచంద్రపురం. ఉదయం పదిన్నర. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట, డాక్యుమెంట్ రైటర్ బల్ల ముందు బెంచీ మీద మీరూ సర్దుకుని కూర్చున్నారు. ద్రాక్షారామం బస్సు హారన్ కొట్టుకుంటూ పోతోంది. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి అడుగుతారు: "లింకు డాక్యుమెంట్లు తెచ్చారాండీ?"

తెచ్చారు. కాకపోతే ఆస్తి కొబ్బరితోట కాదు, ఏనాడో తయారీ ఆగిపోయిన అమిగా అనే కంప్యూటర్.

"ఆయ్, ఏదైతేనేంటండీ. మొదటి కాగితం ఇలా ఇవ్వండి."

1985 జులై 23. న్యూయార్క్ లింకన్ సెంటర్. అమిగాను తెచ్చిన కొమడోర్ కంపెనీ వేదిక మీద చిత్రకారుడు ఆండీ వార్హోల్, అమిగా తెర మీద గాయని డెబీ హ్యారీ బొమ్మకు రంగులు అద్దుతున్నాడు. చప్పట్లు మోగుతున్నాయి. రైటర్ గారు కాగితం తిప్పేస్తారు.

1994 ఏప్రిల్‌లో కొమడోర్ దివాలా. 1995లో జర్మనీ కంపెనీ ఎస్కామ్ కొంటుంది, మరుసటేడే అదీ మునుగుతుంది. 1997లో అమిగా అమెరికాలోని గేట్‌వేకి, కొమడోర్ అన్న పేరు మాత్రం డచ్ కంపెనీ ట్యూలిప్‌కి. పెన్సిల్ ఆగుతుంది. 1999 చివర్లో అమినో అనే చిన్న సంస్థ అమిగా పేరు కొని అమిగా ఇంక్ అవుతుంది. పేటెంట్లు గేట్‌వే దగ్గరే ఉండిపోతాయి.

"ఇల్లు అమ్మి గుమ్మం ఉంచేసుకున్నారాండీ?"

2001 నవంబరు 3 నాటి ఒప్పందం ఇంకా చిక్కు. అమిగా ఓఎస్ నాలుగో వెర్షన్ రాసే పని బెల్జియం కంపెనీ హైపీరియన్‌కి. ఒక రకంగా కౌలు. 2007లో అమిగా ఇంక్ హైపీరియన్ మీద సియాటిల్ ఫెడరల్ కోర్టుకెక్కింది. 2009 సెప్టెంబరు 30న రాజీ: పాత 3.1 వెర్షన్ సోర్సుకోడ్ వాడుకుని నాలుగో వెర్షన్ తయారుచేసి అమ్ముకునే శాశ్వత హక్కు హైపీరియన్‌ది.

2018లో హైపీరియన్ పాత యంత్రాలకే 3.1.4 విడుదల చేసింది. మీరు కౌలుకు పుచ్చుకున్నది నాలుగో చేను, మా 3.1 చేలో నాట్లేమిటని అమిగా పక్షం. రాజీలో ఇదీ ఉందని హైపీరియన్. మళ్లీ కోర్టే. 2019లో అమిగా ఇంక్ హక్కులు అమిగా కార్పొరేషన్ అనే మరో సంస్థకు చేరాయి.

రైటర్ గారు కాగితాలన్నీ కట్టకట్టి మీ చేతికిచ్చేస్తారు. "చెక్కుబందీ సరిగ్గా రాయలేదండీ. నాలుగు వైపులా హద్దులు లేనిదే మేం సెంటు భూమికి కూడా దస్తావేజు రాయం."

సాఫ్ట్‌వేర్ రాసే మన పిల్లలకు ఈ మాట చెప్పండి. సంతకం పెట్టేముందు కోడ్ ఎవరిది, పేరు ఎవరిది, ఏ యంత్రానికి, ఎన్నాళ్లకు అనే నాలుగు హద్దులూ కాగితం మీద చూసుకోమనండి.