ఏకాకి నావికుడు

నేను నేడు ప్రసంగింపబోవు జాషువా స్లోకమ్ ఒంటరిగా పడవపై భూగోళమును చుట్టివచ్చిన ప్రథముడు. ఆవిరియోడలు వచ్చి తెరచాపల కాలము తీరగా ఈ కప్తానుకు పని లేకపోయెను. అమెరికాలోని ఫేర్‌హేవెనున పొలములో శిథిలమైయున్న "స్ప్రే" యను పాతపడవను 13 నెలలు స్వహస్తములతో పునర్నిర్మించి, 1895 ఏప్రిల్ 24న బోస్టను విడిచెను. నడిసముద్రమున తూర్పుపడమరల దూర మెరుగుటకు ఆనాడు సాధారణముగా నిక్కమైన గడియారమును వాడెడివారు. ఆతనియొద్ద నున్నది ముఖము పగిలినందున డాలరునకు దొరకిన తగరపు గడియారము!

దక్షిణామెరికా కొననున్న మాగెల్లాన్ జలసంధిలో దోపిడికి వెఱచి, పడవ పలకలపై వాడిమేకులు చల్లి నిద్రించెనట. అర్ధరాత్రి వట్టికాళ్లతో నెక్కిన ద్వీపవాసులు కేకలిడుచు దుమికి పాఱిపోయిరట. ఇది ఆతడు వ్రాసిన కథ. వారి మాట మనకు చేరలేదు.

1898 జూన్ 27న న్యూపోర్టు చేరునప్పటికి 46,000 మైళ్లు గడచెను. ఆతనికి ఈత రాదు. ఇంచుమించు పదేండ్లకు అదే పడవలో నొంటరిగా వెడలి తిరిగి రాలేదు. 1924లో న్యాయస్థానము మృతునిగా నిర్ణయించెను.