బీల చెప్పే చరిత్ర

తుఫాను వచ్చినప్పుడల్లా మన పత్రికలు 'ప్రకృతి ప్రకోపం' అని రాస్తాయి. కథకులం మనమూ ఆ మాటే వాడుకుంటున్నాం. అది గాలిని ముద్దాయిని చేసి, గాలి వీచకముందు జరిగిన చరిత్రనంతా నిర్దోషిగా వదిలేస్తుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. పడిన కొబ్బరిచెట్టు చోట మొక్క నాటితే కాపుకు రావడానికి కనీసం ఐదారేళ్లు. ఆ ఐదారేళ్లు ఎలా బతకాలన్నది అందరికీ ఒకే ప్రశ్న కాదు. నష్టపరిహారాన్ని చెట్ల లెక్కన కడతారు. కాయ వలిచే కూలీకి, పలాసలో జీడిపిక్క కొట్టే స్త్రీకి చెట్టు లేదు.

సముద్రం వేడెక్కుతోంది. తుఫాను బలం పుంజుకునేది ఆ వేడి నీటి నుంచే. ఇకపై తుఫానుల్లో తీవ్రమైనవాటి వంతు పెరుగుతుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రజ్ఞుల బృందం 2021 నివేదికలో చెప్పింది. దీన్ని తీరవాసులకు 'అర్థం చేయించాల'ని సదస్సుల్లో వింటున్నాం. ముందస్తు హెచ్చరికలు ప్రాణాలు కాపాడుతున్నాయి, కాదనను. కాని ఎవరు ఎవరికి అర్థం చేయించాలి?

సోంపేట బీల సంగతే చూడండి. కొండల మీద కురిసిన వాన సముద్రంలో కలిసేముందు ఆగే చిత్తడి నేల అది. వరదను తనలో దాచుకుంటుంది. ఎత్తిపోతలతో చుట్టుపక్కల చేలను తడుపుతుంది. చేపలిస్తుంది, పశువులకు గడ్డినిస్తుంది. అలాంటి నేలను పనికిరాని భూమిగా లెక్కగట్టి థర్మల్ విద్యుత్ కేంద్రానికి కేటాయించారు. సముద్రాన్ని వేడెక్కించే బొగ్గు పొయ్యిని, వరదను పట్టి ఉంచే నేలమీదే పెట్టబోయారన్నమాట! 2010 జూలై 14న రైతులు, మత్స్యకారులు అడ్డుపడ్డారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని రద్దుచేసింది కూడా సరిగ్గా ఆరోజే. ఏడాదైనా తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపరలో మరో థర్మల్ కేంద్రం కోసం మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు.

ఈ కాల్పుల మీద కవితలొచ్చాయి. రావలసినవే. అయితే నేను చదివినంతలో, బీలలోకి నీరు ఏ గెడ్డ నుంచి దిగుతుందో, ఏ నెలలో ఎంత లోతు నిలుస్తుందో తెలిసిన ముసలి రైతు మాత్రం మన సాహిత్యంలోకి అమరుడి తండ్రిగా వచ్చాడే తప్ప, ఆ నీటి లెక్క తెలిసినవాడిగా రాలేదు.